ఆముదం రాసిన నీళ్ళకుండ

ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి సగం నాకూ ఇవ్వు, అంతా నువ్వే లాక్కుంటే ఎలా? ఆఁ, ఇప్పుడు ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ సగంలో ఆగిపోతుంది, తర్వాత నన్ను అడగొద్దు.

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఇంటి ముందు చూసినా కుండలే. అరుగు మీద కుండలు, గోడ పక్కన కుండలు, ఎండలో బోర్లించిన కుండలు. కోడిపెట్ట కూడా పగిలిన కుండలోనే గుడ్లు పెట్టేది. ఆ ఊరి పేరు ఎర్రమన్నుపేట. ఊరంతా కుమ్మరి వాళ్ళే.

ఆ ఊళ్ళో పైడి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది. నీలాగే రెండు జడలు, నీలాగే ఒక్క నిమిషం నోరు ఊరుకోదు. బళ్ళో మేష్టారు ప్రశ్న అడగడం పూర్తి కాకముందే చెయ్యెత్తేది. తెలివైన పిల్లే. కానీ ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకుని తుర్రుమనడమే గానీ, వెనక్కి తిరిగి ఒక్క మంచి మాట అనేది కాదు. చెడ్డపిల్ల కాదమ్మా. తొందర, అంతే.

పైడి వాళ్ళ నాన్న గురవయ్య. చలి తగ్గుతూనే ఆయన బండిలో గడ్డి పరిచి, దాని మీద కుండలు పేర్చి, ఎడ్లను కట్టుకుని దూరం సంతలకు వెళ్ళాడు. వెళ్ళి చాలా రోజులైంది. నాన్న లేని ఇల్లు పైడికి ఏమీ బాగుండలేదు. అప్పుడు ఒక రోజు, ఆ దారిన వచ్చిన మనిషి చేత నాన్న కబురు పంపాడు. "చలివేంద్రం పెట్టే రోజుకి ఇంటికొచ్చేస్తానని మా పైడమ్మకి చెప్పండి" అన్నాడట.

చలివేంద్రం అంటే తెలుసుగా? ఎండలు ముదిరాక, దారిన పోయేవాళ్ళకి చల్లటి నీళ్ళు ఇవ్వడానికి తాటాకు పందిరి వేసి కుండలు పెడతారు. ఎర్రమన్నుపేటలో ఆ చలివేంద్రం పెట్టేది బడిపిల్లలే. ఎవరి కుండ వాళ్ళు చేసుకోవాలి. పెద్దవాళ్ళు సాయం పట్టొచ్చు. ఎవరి కుండలో నీళ్ళు బాగా చల్లబడతాయో, ఆ పిల్లే మొదటి బాటసారికి మొదటి ముంతెడు నీళ్ళు పొయ్యాలి.

ఇంకో కట్టడి కూడా ఉంది. నీళ్ళు పోసేముందు జోగినాథం మేష్టారు అడుగుతారు, "ఈ కుండలో ఎవరి చేతులున్నాయమ్మా?" అని. ఆ కుండకి సాయపడ్డ వాళ్ళ పేర్లన్నీ అందరూ వినేలా చెప్పాలి. చెప్పనిదే ముంత ముంచకూడదు.

పైడికి ఇక వేరే ధ్యాస లేదు. నాన్న ఎండన పడి వస్తాడు. బండి దిగి దోసిలి పడతాడు. ఆ దోసిట్లో మొదటి నీళ్ళు తనే పొయ్యాలి. నిద్రలో కూడా అదే కల. వాళ్ళమ్మ లేపితే "ఇంకొంచెం తాగు నాన్నా" అనేదట!

అప్పుడు పైడి మట్టి తెచ్చుకుంది. తెచ్చుకుంది గానీ, దాని నిండా గులకరాళ్ళు. రాయి ఉన్న కుండ కాలేటప్పుడు టప్పున పగులుతుంది. పక్కింట్లో నరసమ్మ మామ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమె వేళ్ళు అప్పటికే బీటలు తీసి ఉన్నాయి. అయినా పొద్దువాలేదాకా కూర్చుని, మట్టిని చిటికెడు చిటికెడు నలిపి, రాళ్ళన్నీ ఏరిపెట్టింది. "ఇదిగోనే, వెన్నలా ఉంది చూసుకో" అంది. పైడి ముద్ద చంకనేసుకుని ఒకటే పరుగు.

ఆ తర్వాత సారె, అదే కుండలు చేసే చక్రం, తిప్పాలి. కుమ్మరి సారె ఎంత బరువో తెలుసా? పిల్లలు తిప్పితే అది కదలదు, పిల్లలే తిరుగుతారు. సింహాద్రి మావ అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. "మావా, మావా, ఒక్కసారి!" అని పైడి ప్రాణం తీసింది. ఆయన లేచొచ్చి కర్రతో సారెని గిర్రున తిప్పాడు. ఆగిపోతే మళ్ళీ తిప్పాడు. కుండ మెడ నిలబడేదాకా తిప్పుతూనే ఉన్నాడు. ఈలోగా ఆయన కంచంలో కాకులు పండగ చేసుకున్నాయి. పైడి కుండని చూసి గంతులేసింది గానీ, మావ కంచం వైపు చూడనే లేదు.

ఆ తర్వాత ఆవం పెట్టారు. ఆవం అంటే కుండల్ని పేర్చి, పిడకలూ గడ్డీ కప్పి కాల్చే చోటు. నడిమధ్యన పెట్టిన కుండ చక్కగా ఎర్రగా కాలుతుంది. అంచున పెట్టిన దానికి గాలీ పొగా కొడతాయి. ఎవరు ముందొస్తే వాళ్ళకి నడిమి చోటు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది నూకాలు.

నూకాలు పైడి బెంచీలోనే కూర్చునే పిల్ల. నెమ్మది పిల్ల. దాని మాట దాని పక్కనున్న వాళ్ళకే వినపడదు. పైడి ఆలస్యంగా వచ్చి, నడుమ చోటు పోయిందని చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా నాన్న వస్తాడే నూకాలూ, నా కుండ బాగా కాలాలే" అంది. నూకాలు ఆవంలోకి వంగింది. తన కుండ తీసి అంచున పెట్టింది. పైడి కుండని నడుమ పెట్టింది.

ఊఁ కొడుతున్నావా? ఆఁ.

ఆవం విప్పారు. పైడి కుండ దొండపండులా ఎర్రగా, ఎక్కడా మచ్చ లేకుండా వచ్చింది. నూకాలు కుండ పొట్ట మీద అరచెయ్యంత నల్లటి మచ్చ పడింది. పైడి దాన్ని చూసి పకపకా నవ్వి, "ఓసి నూకాలూ, నీ కుండకి దిష్టిచుక్క పెట్టారే!" అంది. పిల్లలందరూ నవ్వారు. నూకాలు కూడా నవ్వినట్టు మొహం పెట్టి, కుండని ఓణీ చాటున పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మన పైడికి ఎర్రగా ఉంటే సరిపోలేదు. మెరవాలి! నాన్న దూరం నుంచే చూసి "అది నా కూతురి కుండ" అనాలి. వాళ్ళమ్మ కూరచట్టికి నూనె పట్టించడం అది చూసింది. పట్టిస్తే చట్టి నిగనిగలాడుతుంది, పులుసు కారిపోదు. సరే అని, అమ్మ పొలానికి వెళ్ళిన సమయం చూసి, గూట్లో ఆముదం సీసా తీసి, కుండని వేడిచేసి, లోపలా బయటా పట్టించింది. కుండ అద్దంలా తయారైంది. అందులో మొహం చూసుకుని జడ సర్దుకుంది కూడా.

చలివేంద్రం రేపనగా, పొద్దున్నే పైడి కుండలో నీళ్ళు పోసి నీడన పెట్టింది. కాసేపాగి ముంత ముంచి తాగింది. థూ! నీళ్ళు ఎండలో మరిగినట్టున్నాయి. పైగా ఆముదం కంపు. నీకు ఆముదం పట్టిస్తే నువ్వు పెట్టే మొహం ఉంది చూడు, అచ్చం అదే మొహం పెట్టింది.

అప్పుడు వాళ్ళమ్మ వచ్చి కుండ తడిమి చూసింది. "ఓసి పిచ్చి మొహమా, నీళ్ళకుండకి ఆముదం రాశావా? అది కూరచట్టి కాదే! నీళ్ళకుండకి చెమట పట్టాలి. లోపలి నీళ్ళు కొంచెం కొంచెం బయటికి ఊరితేనే మిగతావి చల్లబడేది. నువ్వు దాని ఒళ్ళంతా మూసేశావు కదే" అంది.

 పైడి నేల మీద చతికిలబడి గట్టిగా ఏడ్చింది. నాన్న వస్తాడు. దోసిలి పడతాడు. ఈ నీళ్ళా పొయ్యడం?

అమ్మ పక్కనే కూర్చుంది. తిట్టలేదు, కొట్టలేదు. ఏడుపు కాస్త తగ్గాక, "సరే గానీ, రేపు మేష్టారు అడుగుతారు కదా, ఈ కుండలో ఎవరి చేతులున్నాయని. ఎవరి పేర్లు చెబుతావు?" అంది.

"నా చేతులే" అందామని నోరు తెరిచింది పైడి. అంతలో చూపు కుండ మీద పడింది. కుండ నునుపులో దాని మొహం ఒక్కటే కనబడుతోంది. ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ ఉంటే, మామ్మ బీటలు తీసిన వేళ్ళు గుర్తొచ్చాయి. కాకులు పొడిచిన మావ కంచం గుర్తొచ్చింది. ఓణీ చాటున కుండ పెట్టుకుని వెళ్ళిన నూకాలు గుర్తొచ్చింది. ముగ్గురిలో ఎవరికీ తను ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోగా నవ్వింది. పైడికి సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా చెవులు వేడెక్కేంత సిగ్గు.

అప్పుడు లేచి, మొహం కడుక్కుని, మిగిలిన ఆముదం సీసా పట్టుకుని నరసమ్మ మామ్మ ఇంటికి వెళ్ళింది. "మామ్మా, చెయ్యి ఇలా ఇవ్వు" అంది. మామ్మ వేళ్ళకి ఒక్కొక్కదానికీ ఆముదం రాసింది. "ఆ రోజు నా కోసం రాళ్ళు ఏరావు కదా మామ్మా. నీకు నొప్పెట్టిందేమో నేను అడగనే లేదు" అంది.

మామ్మ తన వేళ్ళు చూసుకుంది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చి, "ఆముదం ఉండాల్సిన చోటు ఇదేనే" అని నవ్వింది. "పో, పిడకల నిప్పు చేసి ఆ కుండని బోర్లించు. ఆముదమంతా కాలిపోతుంది. నీ అందం కాస్త పోతుందనుకో, కుండ మాత్రం బాగుపడుతుంది" అని చెప్పింది.

పైడి ఎగిరి గంతేసింది. ఈసారి మాత్రం పరిగెత్తబోయి ఆగి, మామ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి మరీ పరిగెత్తింది.

కుండని నిప్పు మీద బోర్లించి, ఆ తర్వాత సింహాద్రి మావ దగ్గరికి వెళ్ళింది. ఆయన సరిగ్గా అన్నానికి కూర్చుంటున్నాడు. పైడిని చూసి కంచం వెనక్కి లాక్కుని, "అమ్మో, మళ్ళీ వచ్చావా తల్లీ!" అన్నాడు. పైడి ఒక కర్ర తీసుకుని ఎదురుగా నిలబడింది. "నువ్వు తిను మావా. ఒక్క కాకిని కూడా రానివ్వను. ఆ రోజు నా వల్లే నీ అన్నం పోయింది" అంది. మావ తిన్నంతసేపూ కర్ర తిప్పుతూనే ఉంది. కాకులు వచ్చాయా లేదా తెలీదు గానీ, నవ్వి నవ్వి మావకి పొలమారింది.

ఆ తర్వాత నూకాలు ఇంటికి వెళ్ళింది. ఇదే అన్నిటికంటే కష్టమైన గడప. నూకాలు గుమ్మంలో కూర్చుని చింతగింజలతో ఒక్కతే ఆడుకుంటోంది.

"నీ కుండ బడికి తీసుకెళ్ళట్లేదేమే? సాయంత్రం అందరూ వరసలో పెట్టాలిగా" అంది పైడి.

"నేను పెట్టనులే" అంది నూకాలు తల ఎత్తకుండా. "అందరూ నవ్వుతారు."

 పైడి ఇంట్లోకి తొంగి చూసింది. మూల చీకట్లో, పాత చాట కింద, ఆ కుండ ఉంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టింది. అబ్బ! అరచెయ్యి జిల్లుమంది. కుండ ఒళ్ళంతా సన్నటి చెమట. ఆ నల్లమచ్చ మీద కూడా నీటి బొట్లు మెరుస్తున్నాయి. ముంత ముంచి ఒక్క గుక్క తాగింది. పళ్ళు జివ్వుమన్నాయి.

పైడి అక్కడే నిలబడిపోయింది. తన కుండ నిప్పు మీద బాగుపడుతోంది. సాయంత్రానికి చల్లబడొచ్చు. ఇంత చల్లగా మాత్రం రాదు, అది పైడికి తెలుసు. ఈ కుండ ఇక్కడే చాట కింద ఉండిపోతే, రేపు నాన్న దోసిట్లో నీళ్ళు పోసేది తనే కావచ్చు. ఎవరికీ తెలియదు. నూకాలు ఎలాగూ నోరు విప్పదు.

నువ్వైతే ఏం చేసేదానివి? చెప్పకులే, మనసులో అనుకో.

పైడి కాసేపు ఆ చాటని పట్టుకుని నిలబడింది. కళ్ళు చెమ్మగిల్లాయి. నాన్న మీద ప్రేమ మరి, చిన్నదా! ఆ తర్వాత చాట పక్కన పెట్టి, నీళ్ళు పారబోసి, నల్లమచ్చ కుండని చంకనెత్తుకుంది. "పదవే నూకాలూ. దీన్ని నేనే మోస్తాను. ఎవరన్నా నవ్వితే నన్ను చూసి నవ్వమను. ఆ చోటు నాకిచ్చినందుకే కదా నీ కుండకి ఈ మచ్చ. నేను నవ్వడం తప్పు" అంది. నూకాలు చింతగింజలు ఒళ్ళోంచి రాలిపోయాయి. లేచి పైడి చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం బడి అరుగు మీద కుండలన్నీ వరసగా పెట్టి నీళ్ళు పోశారు. పైడి కుండ కూడా వచ్చింది. నునుపు పోయింది, రంగు తగ్గింది, కానీ ఆముదం వాసన లేదు.

తెల్లారింది. కుండలన్నీ తాటాకు పందిరి కిందికి చేర్చారు. ఏ కుండ చల్లనో తేల్చేది ఎవరనుకున్నావు? బళ్ళో అందరికంటే చిన్నపిల్ల బుల్లెమ్మ! ఇంకా పళ్ళు కూడా పూర్తిగా రాలేదు. ఒక్కో కుండలో ఒక్కో గుక్క తాగుతూ వచ్చింది. తాగి తాగి బొజ్జ తబలాలా అయింది. పైడి కుండ దగ్గర తాగి, "బావుంది" అంది. నూకాలు కుండ దగ్గర తాగింది. ముంత వదలలేదు. మేష్టారు లాక్కున్నా వదలలేదు. "ఇది నాది!" అని కుండని కావలించుకుంది. అందరూ ఒకటే నవ్వు. ఈసారి నూకాలు కూడా నిజంగానే నవ్వింది.

అప్పుడే ఎడ్ల మెడలో మువ్వలు వినపడ్డాయి.

నాన్న! ఖాళీ బండి గడగడలాడుతూ వస్తోంది. గురవయ్య ఎండకి నల్లబడిపోయి, తలపాగా తడిసిపోయి, పందిరి ముందు బండి దిగాడు. పైడి పరిగెత్తుకెళ్ళి నడుం చుట్టేసింది. ఆయన కూతుర్ని ఎత్తుకుని దించి, పందిరి కిందికి వచ్చి దోసిలి పట్టాడు.

"ఈ కుండలో ఎవరి చేతులున్నాయమ్మా?" అని అడిగారు మేష్టారు.

నూకాలు ఎప్పుడూ లేనంత గట్టిగా చెప్పింది. "మట్టి మా అమ్మ తొక్కింది. సారె మా తాత తిప్పాడు. నేను దాచేసుకుంటే, పైడి చంకనెత్తుకుని తెచ్చింది."

అని ముంత ముంచి, గురవయ్య దోసిట్లో నీళ్ళు పోసింది. ఆయన గటగటా తాగాడు. కళ్ళు మూసుకుని తాగాడు. తాగి, "ప్రాణం లేచొచ్చింది తల్లీ" అన్నాడు. పైడికి ఒక పక్క ఏడుపు, ఒక పక్క సంతోషం. సంతోషమే ఎక్కువ. నాన్న దాహం తీరింది కదా!

ఆ తర్వాత గురవయ్య వరసలో కుండలన్నీ చూసి, "మా పైడమ్మ కుండ ఏది?" అన్నాడు. పైడి తన కుండ ఎత్తుకొచ్చింది. నాన్న మళ్ళీ దోసిలి పట్టబోయాడు.

పైడి పొయ్యలేదు. నాన్న వెనకవైపుకి చూస్తోంది. ఎండలో, బండి కాడి కింద, ఎడ్లు రెండూ నాలుకలు చాపి రొప్పుతున్నాయి. వాటి వైపు ఇంకా ఎవరూ చూడలేదు.

"నాన్నా, నిన్ను ఇంటిదాకా తెచ్చింది ఎవరు?" అంది.

అని, కుండ చంకనెత్తుకుని ఎడ్ల దగ్గరికి వెళ్ళింది. చెట్టు కింద ఖాళీగా ఉన్న గోలెంలో, అదే పెద్ద మట్టి తొట్టిలో, నీళ్ళన్నీ గుమ్మరించింది. ఎడ్లు మూతులు పెట్టి జుర్రుజుర్రున తాగాయి. పెద్దది తాగడం అయ్యాక, తడి మూతితో పైడి మొహమంతా నాకేసింది.

గురవయ్య తలపాగా తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "అంత దూరం నన్ను లాక్కొచ్చాయి. ముందు వాటికి పెట్టాలని నాకే తోచలేదమ్మా" అన్నాడు. మేష్టారు మాత్రం గొంతు సవరించుకుని, "పైడమ్మా, నువ్వింకా చెప్పలేదే, నీ కుండలో ఎవరి చేతులున్నాయి?" అని అడిగారు.

పైడి మొహం తుడుచుకుంటూ చెప్పింది. "నరసమ్మ మామ్మ చేతులు, సింహాద్రి మావ చేతులు, నూకాలు చేతులు. అమ్మవి కూడా. మా ఎడ్లకి చేతుల్లేవు గానీ మేష్టారూ, కాళ్ళున్నాయి. అవీ రాసుకోండి!"

ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. ఆ ఏడు నుంచి ఎర్రమన్నుపేట చలివేంద్రంలో మనుషులకి కుండలూ, పక్కనే పశువులకి గోలెమూ పెడుతున్నారు. గోలెం నింపేది పైడీ, నూకాలూ. మచ్చ ఉన్న కుండతోనే నింపుతారు. ఇప్పుడు పిల్లలంతా ఆ మచ్చని చూసి, మా కుండకి కూడా ఒక దిష్టిచుక్క ఉంటే బాగుండునని పోరు పెడుతున్నారట!

అయిపోయింది. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇవాళ్టి నీ రోజులో ఎవరెవరి చేతులున్నాయి? ఊఁ, బళ్ళో రబ్బరిచ్చిన పిల్ల. బాగుంది. ఊఁ, ఆటోలోంచి సంచీ దింపిన అబ్బాయి. అదీ బాగుంది. రేపు కనబడగానే ఇద్దరికీ ఒక మంచి మాట చెప్పు. ఇంకా? ఇంకా ఎవరు?

నిద్రపోయావా దొంగపిల్లా? సరేలే. ఇంతసేపూ నీ వీపు నిమిరిన చెయ్యి ఏదో, అది రేపు చెబుదువు గానీ.

కుండ పందిట్లోకి, కూన పక్కలోకి,
ఎడ్లు కొట్టంలోకి, ఎండ కొండల్లోకి,
కథ కంచి దారికి, కలలు మన ఇంటికి.